లెక్క అడగడం అపనమ్మకం కాదు

ఐదేళ్ళ క్రితం, సౌర విద్యుత్తుతో నడిచే పంపుసెట్లు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో మేము వాటాలు కొన్నాము. అందులో వడ్డీ ప్రసక్తి లేదు. రైతుకు డీజిలు ఖర్చు తగ్గుతుంది, పొగ ఉండదు. ఇంతకంటే ధర్మసమ్మతమైన వ్యాపారం ఏముంటుందని సంతోషించాము. మా శ్రీమతి తన బంగారు గాజులు అమ్మిన సొమ్మును కూడా అందులో చేర్చింది. మా మాట నమ్మి మదరసాలోని మరో ముగ్గురు ఉపాధ్యాయులు వాటాలు తీసుకున్నారు.

మొదటి ఏడాది రంగురంగుల నివేదిక వచ్చింది. రెండవ ఏడాది ఒక ఉత్తరం మాత్రమే వచ్చింది. ఆ పిదప వార్షిక సమావేశమూ లేదు, జమాఖర్చుల పట్టికా లేదు. ఫోను చేయగా సంస్థ పెద్ద ఇలా అన్నారు: "మౌలానా సాబ్, మీవంటివారు కూడా డబ్బు గురించి అడిగితే ఎలా? మనం చేస్తున్నది లోకానికి మేలుచేసే పని కదా!"

సిగ్గుపడి ఊరకున్నాము. ఆ రాత్రి మా శ్రీమతి, "మీరు అడిగింది లాభమా, లెక్కా?" అని ప్రశ్నించింది.

నిజమే. నష్టం వస్తే భరించడానికి సిద్ధపడే భాగస్వాములమయ్యాము. చిన్న సంస్థకు సబ్సిడీ సొమ్ము ఆలస్యం కావచ్చు, యంత్రం అనుకున్నట్లు పనిచేయకపోవచ్చు. అయితే నష్టం వేరు, దానిని దాచడం వేరు. పని మంచిదైనంత మాత్రాన పెత్తనం చేసేవారికి జవాబుదారీతనం తప్పదు. పరుల సొమ్ము వారి చేతిలో అమానతు.

తప్పు మాలోనూ ఉంది. దివ్యఖుర్ఆన్‌లోని అతి పెద్ద ఆయత్, బఖరా సూరాలోని 282వది, అప్పు లావాదేవీలను వ్రాసుకోవడం గురించే. దానిని ఏళ్ళ తరబడి పిల్లలకు బోధించిన మేము, మా సొంత వ్యవహారంలో పత్రాలు అడగడానికి మొహమాటపడ్డాము.

న్యాయవాదిగా ఉన్న మా పూర్వ విద్యార్థి ఒకరు చట్టం వివరించారు. 2013 కంపెనీల చట్టం ప్రకారం రెండు వార్షిక సమావేశాల నడుమ 15 నెలలకు మించి వ్యవధి ఉండరాదు. ఓటుహక్కు గల మూలధనంలో పదోవంతు వాటా ఉన్నవారు వ్రాతపూర్వకంగా కోరితే, 45 రోజులలోగా జరిగేలా బోర్డు ప్రత్యేక సమావేశం పిలవాలి. పిలవకుంటే కోరినవారే దానిని ఏర్పాటు చేసుకోవచ్చు.

ముందుగా ఆ ముగ్గురు ఉపాధ్యాయుల ఇళ్ళకు వెళ్ళి, విచారించకుండా సలహా ఇచ్చినందుకు క్షమాపణ కోరాము. వారిలో ఒకరు ఏమీ అనకుండా కలం తీసి వినతిపత్రంపై సంతకం చేశారు. పదోవంతుకు ఇంకా కొన్ని సంతకాలు కావాలి. సేకరిస్తున్నాము.

సోదరసోదరీమణులారా! సత్కార్యంలో సొమ్ము పెట్టండి. అయితే మొదటి రోజే లెక్క అడగండి. అడిగినందుకు నొచ్చుకునేవారి చేతిలో మీ కష్టార్జితం పెట్టకండి.