పాత హైబ్రిడ్: బాగు చేయించాలా, అమ్మేయాలా?

అమెరికాలో మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో పాత కారు గురించి ఎవరు అడిగినా ఒకటే సూత్రం చెప్తారు: "రిపేరు ఖర్చు బండి విలువలో సగం దాటితే అమ్మేయ్." వినడానికి బాగానే ఉంటుంది. కానీ వీసా మీద బతికే నాలాంటి వాళ్లకి ఆ సూత్రం సరిపోదు. ఎందుకో నా బండి లెక్కతోనే చెప్తాను.

నేనుండేది డాలస్ దగ్గర. నాది 2012 మోడల్ హైబ్రిడ్. ఎంఎస్ చదివేటప్పుడు సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఇప్పటికి 1,48,000 మైళ్లు తిరిగింది. ఈ మే నెలలో ఎండలు ముదరగానే డాష్‌బోర్డు మీద ఎర్ర త్రికోణం, పక్కనే చెక్ ఇంజిన్ లైటు వెలిగాయి.

హైబ్రిడ్‌లో రెండు బ్యాటరీలుంటాయి. ఒకటి అన్ని కార్లలో ఉండే చిన్న 12 వోల్టులది. రెండోది వెనక సీటు దగ్గరుండే పెద్దది. బ్రేక్ వేసినప్పుడు వృథాగా పోయే శక్తిని పట్టి దాచుకుని, మళ్లీ కదిలేటప్పుడు మోటారుకి ఇచ్చేది ఇదే. అందుకే ట్రాఫిక్‌లో కూడా మైలేజీ వస్తుంది. ఈ పెద్ద బ్యాటరీకి చాలా కంపెనీలు ఇక్కడ 8 ఏళ్లు లేదా లక్ష మైళ్ల వారంటీ ఇస్తాయి, ఏది ముందైతే అది. నా బండి రెండూ ఎప్పుడో దాటేసింది.

లైటు వెలగ్గానే కంగారుపడి వేలు ధారపోయకండి. ముందు చౌక పనులు చూడాలి. 12 వోల్టుల బ్యాటరీ నీరసపడినా పిచ్చి పిచ్చి వార్నింగులు వస్తాయి. దాన్ని చాలా స్పేర్ పార్టుల షాపుల్లో ఉచితంగానే టెస్ట్ చేస్తారు. పెద్ద బ్యాటరీని చల్లబరిచే ఫ్యాను గాలి పీల్చే దారి వెనక సీటు పక్కనే ఉంటుంది. అక్కడ దుమ్ము పేరుకుంటే బ్యాటరీ వేడెక్కి ఆయుష్షు తగ్గుతుంది. నేను రెండూ చూశాను. 12 వోల్టులది బాగానే ఉంది. ఫ్యాను దారి శుభ్రం చేసినా లైటు మళ్లీ వచ్చింది.

అప్పుడు చిన్న స్కానర్ పెట్టి ఫోన్‌లో చూశా. పీ0ఏ80. పెద్ద బ్యాటరీ పాడైందని చెప్పే కోడ్ అది. నా బ్యాటరీలో 28 మాడ్యూళ్లు వరసగా కలిపి ఉంటాయి. గట్టిగా యాక్సిలరేటర్ తొక్కితే ఒక జత వోల్టేజీ మిగతావాటికంటే ఒక వోల్టుకు పైగా పడిపోతోంది. గొలుసులో ఒక్క లింకు బలహీనపడితే గొలుసంతా బలహీనమే కదా.

మెకానిక్ రెండు దారులు చెప్పాడు. పాడైన మాడ్యూళ్లు మార్చిన రీఫర్బిష్డ్ ప్యాక్ అయితే 1,400 డాలర్లు. కొత్త ప్యాక్ అయితే బిగింపుతో కలిపి 2,800. బండి నడుస్తుంటే నాలుగున్నర వేలు పలుకుతుంది. సగం సూత్రం ప్రకారం అమ్మేయాలన్నమాట.

ఇక్కడే నా అసలు లెక్క మొదలైంది. ఈ మార్చిలో కూడా హెచ్1బీ లాటరీలో నా పేరు రాలేదు. స్టెమ్ ఓపీటీ ఇంకా 14 నెలలుంది. అంటే వచ్చే మార్చిలో ఇంకొక్క లాటరీ. అది కూడా తగలకపోతే, ఓపీటీ అయిపోయాక 60 రోజుల్లో అన్నీ సర్దుకుని బయల్దేరాలి. ఊళ్లో బ్యాంకులో చదువు అప్పు ఇంకా 11 లక్షలుంది. అలాంటప్పుడు ఐదేళ్ల కారు లోను తీసుకోవడం ఏ ధైర్యంతో?

కొత్త కారుకి ఈఎంఐ 430 డాలర్లు, ఇన్సూరెన్స్ అదనంగా 90. పద్నాలుగు నెలలకి 7,280 డాలర్లు. కొత్త కారు విలువ మొదటి రెండేళ్లలోనే బాగా పడిపోతుంది. హడావుడిగా అమ్మాల్సి వస్తే, వచ్చే డబ్బు కంటే లోను బాకీయే ఎక్కువ ఉండొచ్చు. బాగు చేయిస్తే 2,800ని 14తో భాగిస్తే నెలకి 200. బండి నాదే, అప్పు లేదు. నాన్నకి ఫోన్‌లో చెబితే ఆయన ఒక్క మాటన్నారు: "నడిచే బండిని నడుపుకోరా, అప్పు మీద అప్పు వద్దు."

మూడో దారి కూడా ఒకటుంది. "కోడ్ క్లియర్ చేసి అమ్మేయ్ బావా, వారం దాకా లైటు రాదు" అన్నాడు మా రూమ్మేటు. కొనడానికి మనిషి కూడా రెడీగా ఉన్నాడు. కొత్తగా ఎంఎస్‌కి వచ్చిన కుర్రాడు, మా జిల్లావాడే. "అన్నా, నాలుగు వేలకి ఇచ్చేయ్, పార్ట్‌టైమ్‌కి వెళ్లడానికి బండి లేక చచ్చిపోతున్నా" అన్నాడు. ఆ నాలుగు వేలు ఎక్కడివో నాకు తెలుసు. నాలుగేళ్ల కింద నేను తెచ్చుకున్నవీ అలాంటివే. వాడికి స్కానర్ రీడింగులు చూపించి, ఈ బండి ఇప్పుడు కొనొద్దని చెప్పాను.

పాత బండి కొనేవాళ్లూ ఇది గుర్తుపెట్టుకోండి. కోడ్ చెరిపేస్తే కారు లోపలి స్వీయపరీక్షల ఫలితాలు కూడా చెరిగిపోతాయి. స్కానర్‌లో 'నాట్ రెడీ' అని ఎక్కువ కనిపిస్తే, ఈమధ్య ఎవరో కోడ్ చెరిపి ఉండొచ్చు. టెక్సస్‌లో 2025 నుంచి మామూలు కార్లకి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేశారు కానీ డాలస్ చుట్టుపక్కల పొగ పరీక్ష ఇంకా ఉంది. చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంటే అందులో పాస్ అవ్వదు, రిజిస్ట్రేషన్ ఆగిపోతుంది.

చివరికి కొత్త ప్యాకే వేయించాను. రీఫర్బిష్డ్‌లో మార్చని మాడ్యూళ్లు అంతే వయసువి. ఈరోజు ఒకటి మారిస్తే ఆర్నెల్లలో ఇంకోటి పోవచ్చు. డబ్బు కట్టేముందు ఇంజిన్ ఆయిల్ తాగుతోందా, కూలెంట్ తగ్గుతోందా, బ్రేకులెలా ఉన్నాయి అన్నీ చూపించాను. చచ్చే ఇంజిన్‌కి కొత్త బ్యాటరీ దండగ కదా. నా ఇంజిన్ గట్టిగానే ఉంది.

కాబట్టి మీ బండి విలువెంత అని మాత్రమే లెక్కేయకండి. మీకది ఇంకా ఎన్ని నెలలు కావాలో, ఆ నెలలకి ఏ దారిలో ఎంత పడుతుందో వేసుకోండి. నా బిల్లు, వారంటీ కాగితం గ్లవ్ బాక్సులో ఉన్నాయి. వచ్చే ఏడాది లాటరీ తగిలితే నేనే నడుపుకుంటా. తగలకపోతే కొనేవాడికి ముందు ఆ కాగితాలిచ్చి, తర్వాతే రేటు చెప్తా.