మందు అందని వరుస

ఎస్‌ఎంఏ (స్పైనల్ మస్క్యులర్ అట్రఫీ) అనే జన్యు జబ్బు మొదటి రకం ఉన్న పసిబిడ్డను ఒకసారి చూసినవాళ్లకు ఆ కళ్లు గుర్తుండిపోతాయి. ఒళ్లు వడలిపోయి, కాళ్లు కప్పకాళ్లలా పక్కలకు వాలిపోయినా, చూపు మాత్రం గదిలో ప్రతి మనిషినీ వెంటాడుతుంది. తెలివికి ఏ లోటూ లేదు. ఎస్‌ఎంఎన్1 జన్యువు పనిచేయక, కండరాలను కదిలించే వెన్నుపాములోని నరకణాలు చచ్చిపోతుంటాయి. మందు లేని రోజుల్లో ఈ బిడ్డల్లో ఎక్కువమంది రెండో పుట్టినరోజుకు ముందే చనిపోయేవారు, లేదా వెంటిలేటర్ మీదికి చేరేవారు.

2016 డిసెంబరులో అమెరికాలో ఈ జబ్బు మందు నుసినర్సెన్‌కు అనుమతి వచ్చిందని చదివి, పిల్లల డాక్టరుగా నేనెంత సంబరపడ్డానో చెప్పలేను. ఈ బిడ్డలందరిలో ఎస్‌ఎంఎన్2 అనే తోడు జన్యువు ఉంటుంది. అది తయారుచేసే ప్రోటీన్‌లో చాలాభాగం అరకొరగానే ఉంటుంది. ఈ మందు దాన్ని సరిచేసి పూర్తి ప్రోటీన్ తయారయ్యేలా చేస్తుంది. నడుము దగ్గర సూది గుచ్చి వెన్నుద్రవంలోకి ఎక్కించాలి.

మరుసటి ఏడాది, ఆ మందును పరీక్షించిన ఎండియర్ ట్రయల్ వివరాలు చదివాను. ముగ్గురు బిడ్డల్లో ఇద్దరికి మందు. మూడో బిడ్డకు నడుం మీద ఉత్త సూదిపోటు, పైన బ్యాండేజీ. ఎవరికి ఏది ఇచ్చారో తెలియకూడదు కనుక తల్లిదండ్రులు ఆ గదిలో ఉండరు. ఆశతో చూసే కంటికి ప్రతి కదలికా మెరుగుదలలాగే కనిపిస్తుంది, తల్లికే కాదు, డాక్టరుకూ. అందుకే పోలికకు మరో జట్టు కావాలంటారు. ఇది చదువుకునే రోజుల నుంచీ నాకు తెలిసిన తర్కమే.

కానీ పట్టిక దగ్గర ఆగిపోయాను. మందు అందినవారిలో ఈ లెక్కకు వచ్చిన 73 మందిలో 37 మంది తల నిలపడం, బోర్లాపడడం, కూర్చోవడం లాంటి వాటిలో ముందుకు సాగారు. అందనివారిలో అలా లెక్కకు వచ్చిన 37 మందిలో ఒక్కరూ లేరు. మొత్తం మందు జట్టు 80 మందిలో 13 మంది చనిపోతే, మందు లేని 41 మందిలో 16 మంది చనిపోయారు. మధ్యలో వేసిన లెక్కల్లోనే మేలు తేలడంతో ట్రయల్‌ను ముందే ముగించి, మిగిలిన పిల్లలకూ మందు మొదలుపెట్టారు.

ఉత్త సూది లేకుండా ఇది తేలేది కాదా? అమెరికాలోని కొలంబస్‌లో ఇదే జబ్బుకు జన్యుచికిత్సను 15 మంది పసివాళ్లలో పరీక్షించినప్పుడు అందరికీ చికిత్సే ఇచ్చి, పాత రోగుల రికార్డులతో పోల్చారు. మొదటి రకం గతి అంత స్పష్టం కనుక అదే చాలునని నా అభిప్రాయం. అయినా ఆ పాత రికార్డులు మాత్రం ఎక్కడివి? ఏ మందూ లేదని తెలిసీ తమ బిడ్డ బలహీనతను పదేపదే కొలవనిచ్చిన అమ్మానాన్నలవి. రుజువు అనే మాటను అప్పటినుంచి నేను తేలిగ్గా వాడలేకపోతున్నాను. మేలు పొందినవాళ్ల అంకె ఎవరికైనా చెబితే, పట్టికలో మందు అందని రెండో వరుస కూడా చెబుతాను.

తర్వాత వచ్చిన నర్చర్ అధ్యయనంలో లక్షణాలు కనిపించకముందే, ఆరు వారాల లోపు నుసినర్సెన్ మొదలుపెట్టిన 25 మందీ బతికారు. 22 మంది ఎవరి ఆసరా లేకుండా నడిచారు. మన దేశంలో పుట్టిన ప్రతి బిడ్డకూ ఈ జబ్బు ఉందేమో చూసే పరీక్ష చేసే జాతీయ కార్యక్రమం లేదు. ఉండాలి. ఈలోగా, ఈ జబ్బుతో బిడ్డను పోగొట్టుకున్న తల్లి మళ్లీ నెల తప్పి నా దగ్గరికి వస్తే, గర్భంలో ఉండగానే చేయించుకోగల పరీక్ష గురించి చెబుతాను. అది వద్దనుకుంటే, పుట్టిన రోజే రక్తం తీసి పంపే ఏర్పాటు ముందుగానే చేసి పెడతాను.