చెయ్యి పట్టుకోని డాక్టరు

మా నాన్నకి డెబ్బై మూడేళ్లు. విశాఖ పోర్టులో ముప్పై ఏళ్లు కళాసీగా బొగ్గు మోశాడు. పోర్టు ఉద్యోగి కాదు, మేస్త్రీ కింద కూలి. మల్కాపురంలో మా ఇంటి కిటికీ రెక్క మీద వేలితో రాస్తే నల్లటి దుమ్ములో అక్షరం పడుతుంది. చిన్నప్పుడు నేను దాని మీద కూడా ‘అ ఆ’లు దిద్దాను. ఆ దుమ్మే ఇప్పుడు నాన్న ఊపిరితిత్తుల్లో ఉంది.

పోయిన వానాకాలం ఆయాసం ఎక్కువైంది. ఆసుపత్రికి రమ్మంటే, “ఆటోకి డబ్బులు నువ్విస్తావు. లైన్లో నిలబడ్డానికి కాళ్లు ఎవులిస్తారమ్మా?” అన్నాడు.

నా ఫోన్లో ఈ-సంజీవని తెరిచాను. ఫోన్లో, వీడియోలో వైద్యం చెయ్యడానికి కేంద్రం 2020 మార్చి 25న మార్గదర్శకాలు ఇచ్చింది. ఇంటి నుంచే డాక్టరుతో ఉచితంగా మాట్లాడే ఈ సేవ ఆ ఏప్రిల్లో మొదలైంది. ఒక డాక్టరమ్మ దొరికింది. ఓపిగ్గా అన్నీ అడిగింది. మందులు రాసింది. “దగ్గర్లో ఒకసారి స్టెతస్కోపు పెట్టించండి, ఊపిరి పరీక్ష చేయించండి” అంది.

ఫోన్ పెట్టేశాక నాన్న అన్నాడు: “డాట్రమ్మ మంచిదే. కానీ సెయ్యి అట్టుకోనేదు కదమ్మా.”

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.

నాన్న చిన్నప్పుడు వాళ్ల ఊళ్లో వైద్యుడు మాలపేటకి వచ్చేవాడు కాదు. వచ్చినా గుమ్మం బయటే నిలబడి, రోగం అడిగి, పొట్లం విసిరి వెళ్లేవాడట. నాడి చూడాలంటే ముట్టుకోవాలి కదా! డాక్టరు చెయ్యి మొదటిసారి నాన్న మీద పడింది కేజీహెచ్‌లో. ఆ రోజు ఆయనకి ఇప్పటికీ గుర్తే. మనవాళ్లకి సర్కారు ఆసుపత్రి అంటే మందుబిళ్ల ఒక్కటే కాదు, మనల్ని ముట్టుకున్న చోటు.

క్లాసులో జాషువా ‘గబ్బిలం’ చెబుతుంటాను. 1941 నాటి కావ్యం. గుడిలోకి రానివ్వని మనిషి, గుడిలోకి ఎగిరిపోగల గబ్బిలంతో శివుడికి కబురు పంపుతాడు. ఫోన్ ముందు ఒద్దికగా కూర్చున్న నాన్నని చూస్తే అదే గుర్తొచ్చింది. దూరం నుంచి కబురు పంపుకోవడం సౌకర్యమా, లోపలికి రానివ్వకపోవడమా? లోపలికి వెళ్లే తలుపు కూడా తెరిచి ఉంటే సౌకర్యం. లేకపోతే అది పాత అంటే, కొత్త తెర మీద.

ఆ తలుపు తెరవాల్సింది మన చేతిలోని కార్డు. అది ఎంతవరకు తెరుస్తుందో చూద్దాం. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ పెద్ద ఆపరేషన్లకి మన పేటల్లో ఎందరినో బతికించింది. కాదనను. 2024 అక్టోబరు 29 నుంచి ఆయుష్మాన్ భారత్‌ని 70 దాటిన అందరికీ, ఆదాయంతో పని లేకుండా, ఏడాదికి 5 లక్షల దాకా విస్తరించారు. కానీ ఆ బీమా ఆసుపత్రిలో చేరినవాళ్లకి. చేరకముందు 3 రోజులు, బయటికొచ్చాక 15 రోజుల ఖర్చు చూస్తుంది. మామూలుగా ఓపీలో చూపించుకుంటే రాదు. మరి ముసలితనం జబ్బులేమిటి? బీపీ, సుగరు, ఆయాసం, కీళ్లనొప్పులు. ఏళ్ల తరబడి ఓపీలోనే నడిచేవి. మంచం ఎక్కితేనే కార్డుకి ప్రాణం. మంచం ఎక్కకుండా కాపాడే వైద్యానికి లేదు.

డాక్టరమ్మ చెప్పిన పరీక్షకి ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళితే, కౌంటర్లో కార్డు చూసి, “అడ్మిట్ అయితేనే అండీ” అన్నారు. ఆ నెల పరీక్షకి, మందులకి 4,300 రూపాయలు నేను కట్టాను. ఫోన్ మాట ఉచితమే, ఆ మాట అమలు చెయ్యడం ఉచితం కాదు. నాకు జీతం ఉంది. పక్కింటి మామ్మకి ఎవరున్నారు?

ఓపీకి కూడా వర్తించే బీమా మన దేశంలో లేక కాదు. 1948 చట్టంతో వచ్చిన ఈఎస్‌ఐ ఉంది. అయిదేళ్లు బీమాలో ఉండి రిటైరైన కార్మికుడు ఏడాదికి 120 రూపాయలు కడితే ఆలుమగలిద్దరికీ వైద్యం కొనసాగుతుంది. మా నాన్న పేరు మేస్త్రీ ఎక్కడా రాయించలేదు. ముప్పై ఏళ్ల బొగ్గుకి ఒక్క కాగితం లేదు.

బీమా కంపెనీల విషయంలో, పాలసీలో డాక్టరు సంప్రదింపు ఖర్చు ఉంటే ఫోన్ వైద్యానికీ ఇవ్వాలని ఐఆర్‌డీఏఐ 2020లోనే చెప్పింది. అంటే ఓపీ ఉన్నవాడికి ఫోనూ ఉంది. అమెరికాలో 65 దాటినవాళ్ల మెడికేర్ కూడా కరోనాతోనే ఇంటి నుంచి మాట్లాడే వైద్యానికి విస్తృతంగా డబ్బు కట్టడం మొదలుపెట్టింది. వీడియో లేని మామూలు ఫోన్ కాల్‌కి కూడా. అక్కడ కూడా ఆ సడలింపుల్లో చాలావాటిని గడువు తర్వాత గడువుగా పొడిగించుకుంటూ వచ్చారు.

కాబట్టి మనం అడగాల్సింది ఇంకో యాప్ కాదు. ముసలివాళ్ల కార్డులోకి ఓపీ రావాలి. దాంతోపాటే ఫోన్ వైద్యం, అందులో రాసిన మందులు, పరీక్షలు రావాలి. తెర అవతల డాక్టరు ఉంటే, తెర ఇవతల ముసలాయన పక్కన చెయ్యి పట్టుకునే ఏఎన్‌ఎమ్మో, ఆశా కార్యకర్తో ఉండాలి. ఆ చేతికి సరైన జీతం ఉండాలి. నేరుగా చూపించుకుంటానంటే ఆ దారి మూయకూడదు.

విద్యార్థి మిత్రులారా, ఈ ఆదివారం మీ పేటలో పది మంది పెద్దవాళ్లని అడగండి. ఫోన్ ఎవరి పేరు మీద ఉంది? ఓటీపీ ఎవరు చదివి పెడతారు? పోయిన నెల మందులకి ఎంతయింది? రాసుకోండి. వినతిపత్రానికి మన దగ్గర లెక్కలుండాలి.

రెండోసారి వీడియో కాల్‌కి మా వీధి ఆశా అమ్మాయిని పిలిచాను. నాన్న వేలికి ఆక్సీమీటరు పెట్టి, అంకె డాక్టరుకి చదివి చెప్పింది. కాల్ అయిపోయాక కూడా నాన్న ఆ పిల్ల చెయ్యి వదల్లేదు. “ఇప్పుడు సూసినట్టుందమ్మా” అన్నాడు.

జై భీమ్.