కొండంత కారు, గోరంత తీగ

మన తెలుగు నవలల్లో హీరోకి కారుండి తీరాలి. అది పోర్టికోలో మెత్తగా వచ్చి ఆగాలి. అందులోంచి ఆరడుగుల అందగాడు దిగాలి. మేడమీద కిటికీ పరదా కాస్త కదలాలి. ఇన్ని నవలలు చదివాను, నేనూ కొన్ని రాశాను గాని, ఆ కారు అద్దం సగంలో ఇరుక్కుపోతే హీరోగారు రెండు చేతులతో పైకి లాగుతున్న ఘట్టం ఎక్కడా నా కంటబడలేదు. లైటు వెయ్యబోతే వైపర్లు ఆడిన హీరో కూడా లేడు.

ఈమధ్య మొదలుపెట్టిన సీరియల్లో నా హీరో కోటీశ్వరుడు. వాడికి మామూలు కారేమిటి, ఏకంగా విదేశీ స్పోర్ట్స్ కారే ఇచ్చేద్దామనిపించింది. ఇచ్చేముందు ఆ కార్ల పుట్టుపూర్వోత్తరాలు కాస్త తెలుసుకుందామని కూర్చున్నాను. చదువుతున్నకొద్దీ మొదట ముచ్చటేసింది, తరవాత నవ్వొచ్చింది, ఆఖరికి కోపం కూడా వచ్చింది.

ఇంజన్ల సంగతి కాదు సుమా! మూడు నాలుగు సెకన్లలో గంటకి వంద కిలోమీటర్ల వేగం అందుకునే ఇంజన్లు చేసినవాళ్ళని మనం వేలెత్తి చూపగలమా? అక్కడ వాళ్ళకి తిరుగులేదు. చిక్కంతా స్విచ్చుల దగ్గర, అద్దాల దగ్గర, చిన్న చిన్న దీపాల దగ్గర, తలుపు గొళ్ళాల దగ్గర. ఏనుగుని నిలబెట్టినవాళ్ళు ఎలక దగ్గర ఓడిపోయారు.

ఫెరారీనే చూడండి. 1990ల నుంచి కొన్నేళ్ళపాటు ఆ కార్ల లోపలి బటన్లకి మెత్తటి రబ్బరులాంటి పూత వేశారు. కొత్తలో తాకితే పట్టులా ఉండేదట. పదేళ్ళు ఎండా ఉక్కా తగిలేసరికి ఆ పూత చెడిపోయి, తీగపాకంలా వేళ్ళకి అంటుకోవడం మొదలెట్టింది. ఏసీ బటన్ నొక్కితే వేలు నల్లగా అయిపోతుంది! ఆ జిగురుని స్పిరిటు పెట్టి గీకేసి, కొత్త రంగు వేసి ఇవ్వడమే వృత్తిగా బతుకుతున్న పనివాళ్ళు అమెరికాలోనూ ఇంగ్లండులోనూ ఉన్నారంటే నమ్ముతారా? డాష్‌బోర్డు మీద అతికించిన ఖరీదైన తోలు సంగతి ఇంకోటి. ఎండకి కుంచించుకుపోయి, ముందు అద్దం దగ్గర కాల్చిన అప్పడంలా అంచులు లేస్తుంది.

2011లో మెక్‌లారెన్‌వాళ్ళు ఎంపీ4-12సీ అని ఒక కారు తెచ్చారు. దాని తలుపుకి పిడి ఉండదు. అంచు కింద చేత్తో దువ్వితే తలుపు రెక్కలా పైకి లేవాలి. ఆవుదూడని దువ్వినట్టు దువ్వాలన్నమాట. మొదట్లో వచ్చిన బళ్ళలో కొన్ని ఎంత దువ్వినా పలికేవి కావు. అన్ని లక్షలు పోసి కొని, తమ కారు పక్కనే నిలబడి బతిమాలుకున్నారు పాపం. తరవాత కంపెనీవాళ్ళే అక్కడ మామూలు బటన్ పెట్టేశారు.

ఇది ఇవాళ్టి జబ్బూ కాదు. 1961లో జెనీవా ప్రదర్శనలో జాగ్వార్ ఈ-టైప్ కారుని చూసి లోకం నోరు వెళ్ళబెట్టింది. అంతటి అందగత్తెకీ చీకటిపడితే గుబులే. ఆ కాలపు ఇంగ్లీషు కార్లలో చాలావాటికి దీపాలూ స్విచ్చులూ బర్మింగ్‌హామ్‌లోని లూకాస్ కంపెనీ సరఫరా చేసేది. కార్లవాళ్ళు ఆ లూకాస్‌కి 'చీకటి రాజకుమారుడు' అని బిరుదిచ్చారు. లూకాస్ స్విచ్చికి మూడే మెట్లుంటాయట: మసక, మిణుకు, చీకటి. ఇంగ్లీషువాళ్ళు బీరు వెచ్చగా ఎందుకు తాగుతారంటే, వాళ్ళ ఫ్రిజ్‌లు కూడా లూకాస్ చేసినవే కనకట!

జోకు జోకే గాని, తప్పంతా ఆ కంపెనీ మీద వెయ్యడం న్యాయం కాదు. కారులో కరెంటు ప్రయాణం ఒక చిత్రం. బ్యాటరీ నుంచి దీపం దాకా ఒక తీగ వెళుతుంది. తిరుగు ప్రయాణానికి వేరే తీగ అక్కర్లేదు, కారు ఇనప ఒళ్ళే దారి. దాన్నే ఎర్త్ అంటారు. ఆ దారి మొదట్లో ఒక్క మరకి తుప్పు పట్టిందా, దీపం మిణుకుమంటుంది, బ్రేకు నొక్కితే పక్క దీపాలు కూడా వెలుగుతాయి. బల్బు మారుస్తారు, ఫ్యూజు మారుస్తారు, తీగలు మారుస్తారు. పావలా ఖరీదు చెయ్యని ఆ మర జోలికి మాత్రం ఎవరూ పోరు.

లోటస్ కంపెనీవాళ్ళ స్పోర్ట్స్ కార్లకయితే ఒళ్ళు ఇనుమే కాదు, ఫైబర్‌గ్లాస్. తేలిగ్గా ఉంటుంది, బాణంలా దూసుకుపోతుంది. కాని కరెంటు దాంట్లో నడవదు. అందుకని ప్రతి దీపానికీ తిరుగుదారి కూడా తీగతోనే వెయ్యాలి. అన్ని తీగలుంటే అన్ని ముడులు. ఎక్కడ ఏ ముడి వదులయినా పేచీయే. వాళ్ళ ఎలాన్ కారుకి ముందు దీపాలు రెప్పల్లా పైకి లేచేవి. వాటిని లేపేది గాలి గొట్టం. అది ఎక్కడైనా కారితే ఒక కన్ను తెరిచి, ఒక కన్ను మూసి రోడ్డున పోయేవాళ్ళకి కన్నుకొట్టినట్టు నిలబడేదట! నవలా హీరో కారు ఆ పని చేస్తే కథ ఏమయ్యేదో!

ఇంత డబ్బు తీసుకుని ఇంత చిన్న పనులు సరిగ్గా ఎందుకు చెయ్యలేరని మీరడగొచ్చు. నేనూ అడిగాను, మా వీధి చివర మెకానిక్‌ని. "అమ్మా, మీ ఇంట్లో పదిమందికి చారు కాచడానికీ, పెళ్ళిలో వెయ్యిమందికి కాచే వంటవాడికీ తేడా లేదూ?" అన్నాడు. అతను చెప్పిందే నిజం. ఒక మామూలు కారు స్విచ్చు లక్షల్లో తయారవుతుంది. దాన్ని యంత్రాలు వేలసార్లు నొక్కి చూస్తాయి. ఎండలో, మంచులో, దుమ్ములో పరీక్షిస్తారు. మొదటి వెయ్యి కార్లలో బయటపడ్డ లోపం తరవాతి లక్ష కార్లలో ఉండదు. టయోటావాళ్ళు ఏడాదికి కోటి పైచిలుకు బళ్ళు అమ్ముతారు. ఫెరారీవాళ్ళు 2024 మొత్తంమీద అమ్మినవి 13,752. నాలుగు లక్షల మంది వాడి, తిట్టి, బాగుచేయించుకున్న స్విచ్చుకీ, నాలుగువేల మంది అపురూపంగా తాకి చూసిన స్విచ్చుకీ పోటీ ఏమిటి?

అందుకే పెద్దింటి కార్లు పేదింటికి అప్పుకి వెళతాయి. 1992లో వచ్చిన మెక్‌లారెన్ ఎఫ్1 కారు 1998లో గంటకి 386 కిలోమీటర్ల వేగంతో లోకంలోకెల్లా వేగమైన కారనిపించుకుంది. మొత్తం చేసినవి 106. దాని వెనక దీపాలు ఎక్కడివనుకున్నారు? హాలండులో ఆ రోజుల్లో తయారైన బోవా అనే బస్సువి! జాగ్వార్ ఎక్స్‌జే220 వెనక దీపాలు ఇంగ్లండులో గుమాస్తాలు తోలుకునే రోవర్ కారువి. లంబోర్గిని డయాబ్లోకి 1999లో నిస్సాన్ కారు కళ్ళు పెట్టారు. నవ్వుకునే పని లేదు. ఆ కార్లలో ఇబ్బంది పెట్టనివి ఆ అరువు సరుకులే అయినా ఆశ్చర్యపోను. పట్టుచీర కట్టుకున్న పెద్దావిడ పక్కింటావిడ గొడుగు అడిగి తీసుకెళ్ళినట్టు. తడవకుండా కాపాడేది గొడుగే కదా!

ఇలాంటి కారొకటి మా అన్నయ్య ఇంట్లోనే ఉంది. ఏ కంపెనీదో చెప్పను. మా చిన్న మేనల్లుడు హైదరాబాదులో వ్యాపారం బాగా కలిసొచ్చి కొనుక్కున్నాడు. వారానికొకసారి ఔటర్ రింగు రోడ్డు మీద తిప్పి తెచ్చి షెడ్డులో పెడతాడు. మిగతా రోజులు దానికి గోడలోంచి ఛార్జరు తీగ తగిలించి ఉంటుంది, గుంజకి కట్టేసిన పాడిగేదెలాగ. అదేమిట్రా అంటే, "అలారాలూ కంప్యూటర్లూ ఊరికే నిలబడ్డా కరెంటు తాగుతాయత్తయ్యా. తీగ తీసేస్తే పదిహేను రోజులకి బ్యాటరీ చచ్చిపోతుంది" అన్నాడు.

పోయిన శ్రావణంలో ఓ పెళ్ళికని వాళ్ళింటికి వెళ్ళాను. "అమ్మా, నిన్ను నా కార్లో తీసుకెళ్తా" అన్నాడు చిన్నాడు. వదిన గద్వాల చీర సర్దుకుని మురిసిపోతూ ఎక్కింది. ఈ కార్ల తలుపులకి అద్దం చుట్టూ చట్రం ఉండదు. తలుపు తెరవగానే అద్దం కాస్త కిందికి దిగి, మూయగానే పైకి వెళ్ళి రబ్బరులో కూర్చోవాలి. ఆ కబురు దానికి చెప్పేది గొళ్ళెంలో దాక్కున్న వేలిగోరంత స్విచ్చు. ఆరోజు ఆ స్విచ్చు మాట్లాడలేదు. దిగిన అద్దం దిగినట్టే ఉండిపోయింది. పైన కుంభవృష్టి. వదిన భుజం తడిసింది, ఒళ్ళో పట్టుకున్న పూలబుట్ట తడిసింది. వాడు ఆ బటన్ నొక్కాడు, ఈ బటన్ నొక్కాడు, ఇంజను ఆపి మళ్ళీ వేశాడు. చివరికి నవ్వేసి, "ఇవాళ దీని మూడ్ బాలేదమ్మా" అన్నాడు.

"పోనీలేరా, సుకుమారమైన బండి కదా!" అంది వదిన, కొంగు పిండుకుంటూ.

అప్పుడొచ్చాడు పెద్దాడు. బ్యాంకులో ఉద్యోగం, పన్నెండేళ్ళ నాటి చిన్నకారు. తెల్లవారుజామునే వెళ్ళి దండలు తెచ్చి, అన్నయ్యకి మందులు కొని, పెద్దత్తయ్యగారిని మండపంలో దించి, మాకోసం వెనక్కి వచ్చాడు. పది నిమిషాలు ఆలస్యమైంది. "ఎప్పుడూ ఇంతే నువ్వు! ముహూర్తం దాటాక తీసుకెళ్తావా?" అని విరుచుకుపడింది వదిన. వాడు మారు మాట్లాడలేదు. తువ్వాలు తీసి వెనక సీటు తుడిచి, తలుపు తెరిచి పట్టుకున్నాడు. అద్దం హాయిగా పైకెళ్ళి కూర్చుంది. దాన్ని ఎవరూ చూడలేదు.

నాకు కోపం వచ్చిందన్నానే, అది ఇక్కడే. ఒకరు చేస్తే మూడ్, ఇంకొకరు చేస్తే 'ఎప్పుడూ ఇంతే'.

కార్ల లోకంలోనూ ఇదే న్యాయం. మామూలు కారుకి తలుపు కిర్రుమంటే కంపెనీకి ఉత్తరాలు రాస్తారు. లక్షల పౌండ్ల కారు దారిలో ఆగిపోతే 'దానికో వ్యక్తిత్వం ఉంది' అని మురిసిపోతారు. ఆ మురిపెంలో ఒక ప్రమాదమూ ఉంది. 1990ల నాటి కొన్ని ఫెరారీలలో 'స్లో డౌన్' అని ఒక ఎర్రదీపం వెలిగేది. పొగ గొట్టం దారిలో వేడి మితిమీరింది, నెమ్మదించమని దానర్థం. తీరా చూస్తే చాలాసార్లు వేడీ లేదు గీడీ లేదు, వేడిని కొలిచే తీగో, దాని పెట్టో చెడిపోయి ఉండేది. పదిసార్లు అబద్ధమాడిన దీపాన్ని పదకొండోసారి ఎవరు లెక్కచేస్తారు? నాన్నా పులి కథే. నిజంగా వేడెక్కే రోజూ ఉంటుంది మరి. 2010లో కొత్త ఫెరారీ 458 ఇటాలియాలు కొన్ని మంటల్లో చిక్కుకున్నాయి. కారణం చూస్తే ఇంజను కాదు, చక్రాల పైకప్పు దగ్గర వేడి తగలకుండా అడ్డు పెట్టిన రేకుని అతికించిన జిగురు! కంపెనీ 1,248 కార్లని వెనక్కి పిలిపించి, జిగురు బదులు మరలు బిగించింది. చిన్న పని చిన్నదని ఎవరన్నారు?

ఇలా కాక మరోలా చెయ్యడం కుదరదా అంటే, కుదురుతుందని 1990లోనే హోండావాళ్ళు చేసి చూపించారు. ఎన్ఎస్ఎక్స్ అని వాళ్ళ స్పోర్ట్స్ కారు అల్యూమినియం ఒంటితో వచ్చింది. రేసుల వీరుడు ఐర్టన్ సెన్నా దాన్ని నడిపి సలహాలిచ్చాడు. ఫెరారీల సరసన పరుగెత్తేది. అయినా పొద్దున తాళం తిప్పగానే మేలుకునేది, ఏసీ పనిచేసేది, అద్దాలు చెప్పిన మాట వినేవి, చుట్టూ ఉన్నది బాగా కనబడేది. మెక్‌లారెన్ ఎఫ్1 సృష్టించిన గోర్డన్ మర్రే అంతటివాడు దాన్ని కొనుక్కుని వాడి, దాన్నుంచి నేర్చుకున్నాడు.

మరి విమర్శకులేమన్నారో తెలుసా? "అన్నీ బాగున్నాయి గాని, దాంట్లో ప్రాణం లేదు" అన్నారు కొందరు. రోజూ వేళకి లేచి పనిచేసేదానికి ప్రాణం లేదట! అలిగి షెడ్డులో పడుకునేదానికి ఉందట! ఆ కారు 2005 దాకా నిలిచింది గాని, చివరి ఏళ్ళలో కొనేవాళ్ళు బాగా తగ్గిపోయారు.

ఇది కార్ల కథేనంటారా? వేళకి వెలిగే దీపం గురించి ఏ ఇంట్లోనూ ఎవరూ మాట్లాడరు. ఆరిన రోజునే దాని పేరెత్తుతారు. మీ ఇంట్లో ఆ దీపం ఎవరో ఓసారి చూసుకోండి. పెద్దకొడుకో, ఆడపడుచో, ముప్ఫై ఏళ్ళుగా పాలు తెచ్చి పోస్తున్న ముసలాడో అయితే, ఇవాళే ఓ మంచిమాట చెప్పండి. ఆ దీపం మీరే అయితే మాత్రం ఏడాదికోసారైనా ఒక పూట అలిగి కూర్చోండి. తప్పేం లేదు. "ఇవాళ అమ్మ మూడ్ బాలేదు" అనడం వాళ్ళకీ అలవాటవుతుంది.