తొండియార్‌పేట షెడ్డులో డీజిల్ బొట్టు జాడ

తొండియార్‌పేట భూగర్భ మెట్రో స్టేషన్ మెట్లెక్కి పైకి రాగానే మొదట పలకరించింది వాసన. ఉప్పుగాలి, ఎండుచేప, వాటి మధ్య సన్నగా డీజిల్. ఏడున్నరకే ఏప్రిల్ ఎండ వీపు మీద చురుక్కుమంటోంది. తిరువొత్తియూరు హైరోడ్డు మీద చమురు ట్యాంకర్లు ఒకదాని వెనక ఒకటి కదులుతున్నాయి. చమురు కంపెనీల టెర్మినళ్ళు ఈ పేటలోనే ఉన్నాయి. ఒకవైపు కాసిమేడు చేపల రేవు, దానికి దిగువన హార్బరు. ఇంకాస్త ఉత్తరానికి పోతే 1969లో పని మొదలుపెట్టిన మణలి రిఫైనరీ, లారీలు తయారుచేసే ఎన్నూరు అశోక్ లేలాండ్ ఫ్యాక్టరీ. డీజిల్ గురించి తెలుసుకోవాలంటే ఇంతకంటే తగిన చోటు నాకు తోచలేదు.

తెలుసుకోవాలన్న కోరిక పాతది. మా నాన్నకు ఒక డీజిల్ పికప్ ఉండేది. ఒక వేసవిలో గూడూరు నుంచి కోయంబేడుకు నిమ్మకాయల లోడుతో పోతూ తడ దాటాక ఆగిపోయింది. దారిలో దొరికిన వాళ్ళందరికీ చూపించాం. ఒకరు బ్యాటరీ అన్నారు, మార్చాం. ఒకరు సెల్ఫు మోటారు అన్నారు, అదీ మార్చాం. రెండు రోజులు ఎండలో నిలబడి లోడు సగం పాడైంది. చివరికి తేలింది ఏమిటంటే, డీజిల్ వచ్చే దారిలో ఒక రాగి వాషరు దగ్గర గాలి పీలుస్తోంది. ఆ చిన్న వాషరు మా ఇంట్లో ఒక ఏడాది లాభాన్ని తినేసింది. తెలిసిన చేయి ఆ జాడ ఎలా పట్టుకుంటుందో దగ్గరుండి చూడాలని అప్పటినుంచీ ఉంది.

నేను వెళ్ళిన మెకానిక్ షెడ్డు ఒక సందు చివర ఉంది. తన పేరు, షెడ్డు పేరు రాయొద్దన్నాడు మేస్త్రి. ఆయన తాత నెల్లూరు జిల్లా నుంచి హార్బరు కూలిపనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. మేస్త్రి ఇక్కడే పుట్టాడు. వచ్చేవాళ్ళతో తమిళం, కుర్రాళ్ళతో రెండు భాషలూ కలిపి, కోపమొస్తే మాత్రం అచ్చ నెల్లూరు తెలుగు. అరవై దాటిన మనిషి. వేళ్ళ గీతల్లో నలుపు సబ్బుకు లొంగే రకం కాదు.

నేను వెళ్ళింది చేపల వేట నిషేధం మొదలైన మూడో రోజు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరంలో మరపడవలు వేటకు పోకూడదు. పడవ ఆగితే చేపల బండికీ పని తగ్గుతుంది. ఏడాదంతా వాయిదా వేసిన రిపేర్లన్నీ ఈ రెండు నెలల్లో షెడ్డుకు చేరతాయి.

ఆ ఉదయం లోపల నిలబెట్టి ఉన్నది టీఎన్ 03 నంబరు పాత పికప్. టీఎన్ 03 అంటే తొండియార్‌పేట ఆర్టీవో ఆఫీసే. వెనక తొట్టిలో ఇంకా పొలుసులు అంటుకుని ఉన్నాయి. డ్రైవరు చెప్పిన బాధలు రెండు. ఇంజను నడుస్తుంటే కింద బొట్లు పడుతున్నాయి. తెల్లవారుజామున రేవుకు పోదామంటే స్టార్టు కాదు, ఫీడ్ పంపు మీది చేతి పంపు ముప్ఫైసార్లు నొక్కితేగాని ఊపిరి తీసుకోదు. "ఫిల్టరే మేస్త్రీ. ఆడే తడి ఉండాది. రెండుసార్లు మార్పించినా," అన్నాడు.

మేస్త్రి బండిని ముట్టుకోలేదు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"రాత్రిళ్ళు బండి ఏ వాటంలో పెడతావు?"

"మా ఈదిలో ఎత్తుమీద. ముందు చక్రాలు పైకి."

"ట్యాంకు నిండా ఉన్నప్పుడు కూడా ఇట్టనే మొరాయిస్తదా?"

డ్రైవరు కాసేపు ఆలోచించాడు. "నిండా ఉంటే పర్లేదు మేస్త్రీ. సగానికి దిగినాకే ఈ గోల."

మేస్త్రి నా వైపు తిరిగాడు. "విన్నావా నాయనా? రెండు జబ్బులుండాయి దీనికి. ఒకటి కారేది, ఒకటి పీల్చేది. కారేది కనబడుద్ది. పీల్చేది కనబడదు."

డీజిల్ నడిచే దారిని ఆయన గచ్చు మీద సుద్దముక్కతో గీసి చూపించాడు. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా డీజిల్‌ను పంపు లాక్కుంటుంది. స్ట్రాతో నీళ్ళు పీల్చినట్టన్నమాట. ఈ భాగంలో చిల్లు పడితే డీజిల్ బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది. ఇంజను ఆపాక ఆ చిల్లులోంచి దూరిన గాలి వల్ల పైపులో నిలిచిన డీజిల్ జారి ట్యాంకుకు వెనక్కి పోతుంది. పొద్దుటికి పైపు ఖాళీ. ట్యాంకు నిండుగా ఉంటే డీజిల్ మట్టం చిల్లు ఎత్తుకు చేరుతుంది గనక గాలి దూరదు. ఫీడ్ పంపు దాటాక ఫిల్టరు, ఆపైన ఇంజెక్షన్ పంపు. ఇక్కడినుంచి అంతా తోపుడే, చిల్లు పడితే డీజిల్ బయటికే వస్తుంది. ఇంజెక్షన్ పంపు నుంచి నాజిళ్ళకు పోయే ఉక్కు పైపుల్లో ఒత్తిడి వందల రెట్లు. నాజిళ్ళ దగ్గర మిగిలిన డీజిల్ ఓవర్‌ఫ్లో పైపుల ద్వారా తిరిగి ట్యాంకుకు చేరుతుంది. బండి చెప్పే బాధను బట్టి చిల్లు ఈ దారిలో ఏ భాగంలో ఉందో సగం తేలిపోతుంది. డ్రైవరు చెప్పిన రెండు ముక్కలతో మేస్త్రి పని అంతదాకా వచ్చేసింది.

బ్యాటరీ నెగటివ్ తీగ పీకించాడు. ఇసుక బకెట్టు దగ్గరికి జరిపించాడు. డీజిల్ పెట్రోలులా గుప్పున అంటుకోదని చాలామందికి ధీమా. ఎర్రగా కాలే సైలెన్సరు మొదలు మీద సన్నటి తుంపర పడితే ఆ ధీమా నిలవదు. తర్వాత కుర్రాడు ఇంజనంతా బ్రష్షుతో రుద్ది, సబ్బునీళ్ళతో కడిగి, గాలి కొట్టి ఆరబెట్టాడు. ఫిల్టరు కింద ఒక పైపుకు చుట్టిన సైకిలు ట్యూబు ముక్క, దానిమీద రుద్దిన బట్టల సబ్బు ఊడి వచ్చాయి. డ్రైవరు తల దించుకున్నాడు. మేస్త్రి కోప్పడలేదు. "దారిలో ఆగిపోతే ఎవురైనా చేసే పనే. సబ్బు నిన్ను ఇంటికి చేర్చుద్ది. ఇంటికి చేరినాక తీసెయ్యాల," అన్నాడు.

ఆరిన ఇంజను మీద, ప్రతి జాయింటు మీద మొహం పౌడరు చల్లించాడు. తీగ మళ్ళీ తగిలించి బండి స్టార్టు చేయించాడు. అయిదు నిమిషాలు ఎవరూ మాట్లాడలేదు. ఫిల్టరు జాయింట్ల మీద పౌడరు తెల్లగానే ఉంది. అంతకు పైన, నాజిళ్ళ మధ్య ఓవర్‌ఫ్లో పైపు దగ్గర ఒక నల్లటి గీత మొదలైంది. అది ఇంజను పక్కగా దిగి, ఫ్యాను గాలికి వెనక్కి వాలి, ఫిల్టరు అంచు మీదుగా కింద పడుతోంది. "బొట్టు పడే చోట ఎతికితే ఫిల్టరు మారస్తానే ఉంటావు. తడిని పట్టుకుని పైకి పోవాల. అన్నిటికంటే ఎత్తులో తడిసింది ఏదో అదే దొంగ," అన్నాడు. నూలు అల్లిక ఉన్న ఆ రబ్బరు పైపు ఏళ్ళ వేడికి గట్టిపడి, వంపు దగ్గర పగిలింది.

ఎంత కారుతోందో తెలుసుకోవాలని ఆ బొట్లు పడే చోట ఒక సీసా పెట్టించాడు. పావుగంటలో 25 మిల్లీలీటర్లు. గంటకు 100. రోజుకు ఎనిమిది గంటలు నడిస్తే 800 మిల్లీలీటర్లు. లీటరు తొంభై రూపాయలు దాటిన ఈ రోజుల్లో రోజుకు డెబ్భై రూపాయలు రోడ్డు పాలు. డ్రైవరు మనసులో నెల లెక్క వేసుకోవడం అతని పెదవుల కదలికలోనే తెలిసింది.

నేను తెలిసీ తెలియక నాజిల్ పైపు వైపు వేలు చాపాను. మేస్త్రి నా మణికట్టు పట్టుకుని ఆపాడు. ఇలాంటి పాత ఇంజన్లలోనే నాజిల్ తెరుచుకునే ఒత్తిడి 200 బార్ చుట్టూ ఉంటుంది. కారు టైరులో ఉండేది రెండు బార్ పైచిలుకు. నాజిళ్ళన్నిటికీ ఒకే గొట్టం నుంచి డీజిల్ అందే కొత్త కామన్ రైలు బండ్లలో నాజిల్ పైపుల ఒత్తిడి 1,600 బార్ దాటుతుంది. వెంట్రుకంత చిల్లు నుంచి వచ్చే ఆ ధార కంటికి కనబడదు, సూదిలా చర్మంలోకి దిగిపోతుంది. పైకి చిన్న చుక్క. మొదట నొప్పి కూడా అంతగా ఉండకపోవచ్చు. లోపల కండ చచ్చిపోతూ ఉంటుంది. వెంటనే ఆపరేషన్ చేసే ఆస్పత్రికి పోకపోతే వేలో చెయ్యో పోతుంది. అందుకే అక్కడ వెతకాలంటే పొడుగాటి అట్టముక్క జరుపుతూ చూస్తారు, ధార ఉంటే అట్ట తడుస్తుంది. ఈ ఒక్క సంగతి ప్రతి డ్రైవరుకూ ఎవరో ఒకరు చెప్పి తీరాలి.

రెండో జబ్బు కష్టమైనది. ఫీడ్ పంపుకు ముందు అడుగు పొడవు పారదర్శకమైన పైపు పెట్టారు. ఇంజను నడుస్తుంటే అందులో ఆవగింజలంత బుడగలు. తర్వాత ట్యాంకు దారి మూసి, శుభ్రమైన డబ్బాలో డీజిల్ పోసి కొత్త పైపుతో నేరుగా పంపుకు కలిపారు. బుడగలు లేవు. అంటే పంపు మంచిదే, తప్పు వెనక ఉంది. ట్యాంకు వైపు చివర బిగించి, ఉక్కు పైపులోకి అర కిలో ఒత్తిడికి మించకుండా గాలి ఎక్కించి సబ్బునురుగు పూస్తూ వెనక్కి పోయారు. వెనక ఇరుసుకు కాస్త ముందు, పైపును ఛాసిస్‌కు పట్టి ఉంచే క్లిప్పు దగ్గర నురుగు పొంగింది.

క్లిప్పు విప్పితే లోపల రబ్బరు ముక్క తడిగా ఉంది. పైపు తుప్పుపట్టి పెచ్చులు రేగింది. చేపల పెట్టెల మంచు కరిగి, ఉప్పునీళ్ళు తొట్టి పలక సందులోంచి సరిగ్గా ఇక్కడే కారాయి. రబ్బరు ఆ తడిని ఆరనివ్వకుండా పట్టుకుంది. కాసిమేడు బండ్లన్నీ ఇక్కడే పోతాయన్నాడు మేస్త్రి.

అతుకు వేస్తే సరిపోదా అని డ్రైవరు అడిగాడు. తుప్పు ఒక్క చోటే ఉండదని, పక్కనున్న ఇనుము కూడా పలచబడే ఉంటుందని చెప్పి పైపు మొత్తం తీయించాడు మేస్త్రి. జనరల్ ప్యాటర్స్ రోడ్డు నుంచి కొత్త పైపు, డీజిల్‌కు పనికొచ్చే రబ్బరు హోసు, క్లిప్పులు వచ్చాయి. నీళ్ళ పైపు పెడితే డీజిల్‌కు మెత్తబడి ఉబ్బుతుంది. పైపు కోశాక లోపలి అంచును గీకి గాలి కొట్టారు, ఒక్క ఇనుప రజను మిగిలినా ఫీడ్ పంపుకు చేటు. నొక్కుపడకుండా వంచి, ఉప్పునీటి దారికి పక్కగా మళ్ళించారు. ఓవర్‌ఫ్లో పైపుల్లో పగిలింది ఒకటే అయినా అన్నీ మార్చారు, వాటి వయసు ఒకటే గనక. నట్లు బిగించేటప్పుడు ఒక స్పానరు పట్టి ఉంచడానికి, ఒకటి తిప్పడానికి. ఎక్కువ బిగిస్తే కారడం ఆగదు, త్రెడ్డు పోతుంది.

వాషర్ల దగ్గర నేను ఇంకా దగ్గరికి జరిగాను. ఒకసారి నలిగిన రాగి వాషరు గట్టిపడిపోతుంది, మళ్ళీ అతుక్కోదు. కొత్తది దొరకని చోట పాతదాన్ని ఎర్రగా కాల్చి నీళ్ళలో వేస్తే రాగి మెత్తబడుతుంది. తడ దగ్గర మాకు కావలసింది ఈ ఒక్క మాట, ఒక కిరసనాయిలు స్టవ్వు. ఆ మాట ఆయనకు చెప్పాను. "నాన్న ఉన్నాడా?" అని అడిగాడు. లేడన్నాను. కొత్త వాషరు ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు.

చివరిది ఎయిర్ తీయడం. ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి చేతి పంపు నొక్కితే మొదట నురుగు, తర్వాత బుడగలు, తర్వాత నిఖార్సైన డీజిల్. అప్పుడు స్క్రూ బిగించి నాజిల్ నట్లు అర తిప్పు వదిలి సెల్ఫు కొట్టారు. పాత మెకానికల్ పంపు బండి గనక ఇది చెల్లింది. కామన్ రైలు బండిలో ఆ నట్లను ముట్టుకోనే కూడదు.

కడిగిన మురికి డీజిల్‌ను కుర్రాడు కాలవ వైపు తీసుకుపోతుంటే మేస్త్రి గొంతు లేచింది. డబ్బాలో పోయించి, నేల మీద రంపపు పొట్టు చల్లించాడు. 2013లో ఇదే పేటలో, హైరోడ్డుకు దగ్గర్లో, భూమిలో పోయే పెట్రోలియం గొట్టం కారింది. చుట్టుపక్కల వీధుల బోర్లలో, బావుల్లో నూనె తేలింది. తోడిన బకెట్టులో నీళ్ళు చమురు కంపు కొట్టాయి. "ఆ గొట్టమూ అంతే. కొంచమే కదా అనుకుంటే కిందకి పోతానే ఉంటది. మనం తాగేది ఈ నేల నీళ్ళే కదా," అన్నాడు.

ఆ రాత్రి బండిని కావాలనే సగం ట్యాంకుతో, ముందు చక్రాలు ఎత్తులో పెట్టి వదిలేశారు. కింద కొత్త అట్ట పరిచారు. మర్నాడు పొద్దున్నే మళ్ళీ వెళ్ళాను. డ్రైవరు చేతి పంపు ముట్టకుండా తాళం తిప్పాడు. మొదటి సెల్ఫుకే ఇంజను అందుకుంది. మేస్త్రి ఇంజను వైపు చూడలేదు. వంగి అట్టను బయటికి లాగి, రెండు వైపులా తిప్పి చూసి డ్రైవరు చేతికిచ్చాడు. వారం రోజులు ఇంటికాడ కూడా పరవమన్నాడు. డ్రైవరు దాన్ని మడిచి సీటు కింద పెట్టబోతే అక్కడ మిగిలిన సబ్బుబిళ్ళ అడ్డొచ్చింది. మేస్త్రి దాన్ని అందుకుని కుళాయి దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కోసాగాడు.