ఈడూ జోడూ

పాత స్పీకర్లు కొనబోయేవాళ్లు ముందుగా అడిగేది "ఎన్ని వాట్సు?" అని. నన్నడిగితే అది ఆఖరున అడగాల్సిన మాట. తొంభైలలో టేప్‌రికార్డర్ల మీద పీఎంపీఓ అంటూ అచ్చేసిన వందల, వేల అంకెల మోజు మనల్ని ఇంకా వదల్లేదు. ఆ అంకెకీ ఇంట్లో వినపడే చప్పుడుకీ చుట్టరికం లేదు. విశాఖ మద్దిలపాలెంలో నాకు తెలిసిన మెకానిక్ ఈ సంగతి ఒక్క ముక్కలో తేల్చేస్తాడు: "వాట్సుదేటుంది మాస్టారూ, ముందు డబ్బా సూడండి."

డబ్బాలో చూడాల్సింది సెన్సిటివిటీ. ఒక వాటు ఇస్తే మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ పలుకుతుందన్న లెక్క అది. మూడు డెసిబెల్స్ పెరగాలంటే పవర్ రెట్టింపు కావాలి. 90 డెసిబెల్స్ స్పీకరు 15 వాట్లతో చేసే పనిని 84 డెసిబెల్స్ స్పీకరుతో చేయించాలంటే 60 వాట్ల ఆంప్లిఫయరు కొనాలి. డెబ్బైలలో బీబీసీ తన ప్రసార వ్యాన్ల కోసం తయారు చేయించుకున్న ఎల్‌ఎస్3/5ఏ గొంతు పలకడంలో మహా పేరున్నది, చూస్తే చిన్న పెట్టె. కానీ దాని సెన్సిటివిటీ 83 చుట్టుపక్కలే. అలాంటి సన్నటి పెట్టె సరదా జేబు బరువున్నవాళ్లకి. మనకి పెద్ద కాగితపు కోను ఉన్న పాత డబ్బాయే మేలు. సోఫా జరపడానికి ఇంట్లోవాళ్లని ఒప్పించుకోవడం మీ వంతు.

ఓడరేవు ఊరు కావడంతో ఓడల్లో పనిచేసినవాళ్లు తెచ్చుకున్న సాన్‌సుయి, అకాయి సెట్లు విశాఖలో కొన్ని ఇళ్ల అటకల మీద ఇంకా ఉన్నాయి. వాటి వెనక చీటీ చదవకుండా ప్లగ్గు పెట్టకండి. జపాన్ ఇళ్ల కోసం చేసినవి 100 వోల్టులవి, మన 230లో నేరుగా గుచ్చితే పొగే. మధ్యలో స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండాలి. 1970లో కలకత్తాలో మొదలైన సోనోడైన్ లాంటి స్వదేశీ సరుకుతో ఆ బెడద లేదు.

అసలు శత్రువు సముద్రపు గాలి. కోను చుట్టూ ఫోమ్ అంచు ఉంటే, అది ఎక్కడైనా పదిహేను ఇరవై ఏళ్లకి పొడిపొడిగా రాలిపోయేదే. తేమ ఉన్నచోట ఇంకా తొందర. రబ్బరుదో గుడ్డదో అయితే నిలుస్తుంది. డబ్బా ముందరి గుడ్డ తొలగించి చూపించమనండి, మొహమాటపడకండి. కోనుని రెండు చేతుల వేళ్లతో సమంగా, మెల్లగా నొక్కి వదలండి. గరగర వినపడితే కాయిల్ రుద్దుకుంటోందన్నమాట. టార్చి సెల్లు ఒకటి తీసుకెళ్లి తీగలు క్షణం సేపు తాకిస్తే ఊఫర్ టప్పుమని కదలాలి. రెండు డబ్బాల్లోనూ ఒకే వైపుకి కదలాలి. ట్వీటర్ బతికుందో లేదో పాట పెట్టి, చెవి దగ్గరగా పెట్టి వినాల్సిందే. వైర్లు బిగించేచోట పచ్చగా చిలుము పడితే భయపడకండి, గీకితే పోతుంది.

ఆంప్లిఫయరు ఆ తర్వాతి సంగతి. 2ఎన్3055 ట్రాన్సిస్టర్లతో మన మెకానిక్‌లు బిగించినదైనా సరే, మొదటిసారి సిరీస్ బల్బు మీదే ఆన్ చేయాలి. బల్బు ఒక్కసారి వెలిగి తగ్గితే మంచిదే, వెలుగుతూనే ఉంటే లోపల షార్టు. స్పీకరు తగిలించే ముందు అవుట్‌పుట్‌లో మీటరు పెట్టి డీసీ చూడాలి. పదుల మిల్లీవోల్టులు దాటితే వద్దనేయండి. నాలుగు ఓమ్‌ల స్పీకరుని ఎనిమిదికే చేసిన ఆంప్లిఫయరుకి అంటగట్టకూడదు. తక్కువ పవర్ ఉన్నదాన్ని చివరిదాకా తిప్పినా ప్రమాదమే. శబ్దం చీలిపోయి ముందు కాలేది ట్వీటర్.

జాతీయ రహదారి మీద లారీల హోరులో, తలుపులు తీసిన గదిలో విని బాస్ బాగుందనకండి. పిఠాపురం కాలనీలో కళాభారతి ఆడిటోరియం ఉంది కదా. అక్కడ కచేరీకి ముందు, మైకు పెట్టకముందే మృదంగం శ్రుతి చేసుకోవడం ముందు వరసలో కూర్చుని వినండి. ఆ తోలు శబ్దం చెవిలో ఉండగా చిట్టిబాబు వీణో, ఘంటసాల గొంతో పెట్టి చూస్తే స్పీకరు గుణం బయటపడుతుంది. బ్రోషర్లో దొరకని కొలత ఇది.

డబ్బులో సగం పైన స్పీకర్లకే పెట్టండి. మిగిలినదాంట్లో కొంత కెపాసిటర్లు మార్పించడానికీ, ఫోమ్ వేయించడానికీ విడిగా ఉంచుకోండి. బేరంలో ఆ మొత్తం ముందే తగ్గించి అడగండి. అమ్మేవాడికీ ఆ ఖర్చు సంగతి తెలుసు.