దీపాలవేళ దిష్టి

దీపం పెట్టే వేళకి మా అమ్మ గుప్పిట్లో రాళ్ళుప్పు, నాలుగు ఎండుమిరపకాయలు పట్టుకుని వరండాలోకి వచ్చేది. నాన్నని కుర్చీలో కూచోబెట్టి తల చుట్టూ మూడుసార్లు తిప్పేది. ఊళ్ళో కళ్ళన్నిటినీ వరసపెట్టి తిట్టి, ఆయనచేత గుప్పిట్లో ఉమ్మించి, ఆ పిడికెడూ పెరట్లో నీళ్ళపొయ్యిలో వేసేది. ఘాటు రాకపోతే దిష్టి గట్టిగా తగిలిందని లెక్క. వస్తే అసలు లేనట్టు. ఎటు తిరిగినా ఓడిపోని శాస్త్రం అని నేను నవ్వేదాన్ని.

పర్చూరు దగ్గర నల్లరేగడి ఊరు మాది. అప్పటికింకా ప్రకాశం జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల జిల్లా. 2021లో మిరపకి నల్ల తామరపురుగు వచ్చింది. పూలలో చేరి రసం పీల్చే పురుగు. పూత రాలిపోయింది, కాయ నిలవలేదు. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఎంతోమంది మిరప రైతులది అదే గతి. నాన్నది కౌలు సేద్యం. కౌలు ముందే కట్టాడు, మందులు అప్పు మీద తెచ్చాడు. ఎకరానికి లక్షకు పైగా పెట్టుబడి. ఆ సంక్రాంతికి నేను ఇంటికి వెళ్ళేసరికి తోట పీకేసి ఉంది. అంతకుముందు పండగలకో, పెళ్ళికెళ్ళి వచ్చినప్పుడో దిష్టి తీసే అమ్మ, రోజూ తీయడం అప్పుడే మొదలుపెట్టింది.

నాకు కోపం వచ్చింది. తెనాలిలో త్రిపురనేని రామస్వామి చౌదరి పురాణాలను నిలదీసిన ప్రాంతం కదా ఇది. 'పురుగుకి ఊళ్ళోవాళ్ళ కళ్ళతో పనేంటమ్మా?' అన్నాను. అమ్మ జవాబు చెప్పలేదు.

ఆ రోజుల్లోనే నేను యేట్స్ నాటకాల మీద నా సిద్ధాంత గ్రంథం చివరి అధ్యాయం రాస్తున్నాను. ఆయన నాటకాల్లో నటించిన ఫ్లోరెన్స్ ఫార్ నాకు చాలా ఇష్టం. 1888లో లండన్‌లో మొదలైన గోల్డెన్ డాన్ అనే మాంత్రిక సంఘం స్త్రీలను మగవాళ్ళతో సమానంగా చేర్చుకుంది. 1890లో చేరిన ఫార్ తర్వాత కొన్నాళ్ళు లండన్ శాఖను నడిపింది కూడా. 1912లో సిలోన్‌ వెళ్ళి జాఫ్నాలో ఆడపిల్లల బడికి పెద్దగా పనిచేసి, 1917లో కొలంబోలో చనిపోయింది. ఆ సంఘంలో కొత్తవాళ్ళకి మొదట నేర్పే క్రతువు ఒకటుంది. తూర్పుముఖంగా నిలబడి, నాలుగు దిక్కులా గాలిలో అయిదు మొనల నక్షత్రం గీసి, దేవుడి పేర్లు పలికి, చెడుని తోలేయడం. దాన్ని రోజూ సాధన చెయ్యాలి. ఆ క్రతువు గురించి 'స్త్రీ తన సంకల్పాన్ని తానే కట్టుకున్న చోటు' అని ఇరవై పేజీలు రాశాను. మా వరండాలో జరిగేదాన్ని మాత్రం మూఢనమ్మకం అన్నాను. ఈ రెండు మాటలూ ఒకే నోటితో అంటున్నానని నాకు చాలా రోజులు తట్టలేదు.

ఒకరోజు దీపాలవేళ దాటినా నాన్న రాలేదు. అమ్మ ఉప్పు గుప్పిటతోనే టార్చిలైటు తీసుకుని చేలోకి నడిచింది. వెనకే నేను. మోటారు షెడ్డు పక్కన గట్టు మీద కూచుని ఉన్నాడు. 'పదండి, ఉప్పు చేతిలో నీరవుతోంది' అంది, అంతే. ఆయన లేచి వచ్చాడు.

ఆ రాత్రి అడిగితే చెప్పింది. 'దిష్టి ఉందో లేదో నాకేం తెలుసే. దిష్టి తీయాలంటే మనిషి దీపాలవేళకి ఇంటికి రావాలి గదా. వచ్చి ఎదురుగా కూచోవాలి గదా. మొహం చూస్తా, నోటి వాసన చూస్తా. ఊరికే రండి, మీ మొహం చూడాలి అంటే కూచుంటారా మగాళ్ళు?'

మిగిలిన పురుగుమందు డబ్బాలు ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేసిందని కూడా అప్పుడే తెలిసింది. 1987-88లో పత్తి దెబ్బతిని ఈ జిల్లాల్లోనే రైతులు ఆత్మహత్యలు చేసుకున్నారు. ఆ ఏడు అమ్మ కొత్తకోడలు. ఆమె మర్చిపోలేదు.

రోజూ ఒకే వేళకి, ఒకే పని. దాని ప్రయోజనం ఏమిటో నాకు అప్పుడు అర్థమైంది. మంత్రాన్ని నేను ఇప్పటికీ నమ్మను. కానీ ఆ వేళని నమ్ముతాను.

అయినా ఒక విషయం నన్ను వదల్లేదు. లండన్ క్రతువులో చేసే మనిషే మధ్యలో నిలబడుతుంది. మా అమ్మ క్రతువులో మధ్యలో ఎప్పుడూ ఇంకొకరు. ఆమె చెయ్యి వాళ్ళ చుట్టూ తిరుగుతుంది. చేలల్లో కాయలు కోసే ఆడవాళ్ళు, తొడిమలు తీసే ఆడవాళ్ళు రోజంతా ఆ ఘాటుకి దగ్గుతూనే ఉంటారు. రాత్రికి చేతులు మండుతుంటే నూనె రాసుకుంటారు. వాళ్ళని కూచోబెట్టి మొహం చూసేదెవరు?

తిరిగి వచ్చేసే ముందురోజు అమ్మకి దిష్టి తీస్తానన్నాను. పడీపడీ నవ్వింది. 'నన్నెవరు చూశారే, దిష్టి తగలడానికి?'

బలవంతాన కూచోబెట్టాను. తిట్లు నాకు రావు, మూడుసార్లు తిప్పాను. అంతసేపు ఆమె మొహంలోకి నేనెప్పుడూ చూడలేదు. ఎడమకంట్లో తెల్లగా పొర కమ్ముకుంటోంది. ఎన్నాళ్ళ నుంచీ అని అడిగాను.

'ఏడాదై ఉంటుందిలే' అంది.